కిటికీలు మూసే ముందు ఒక్క మాట

సంపాదకులకు నమస్కారం.

మాది కోరాపుట్ జిల్లా సిమిలిగుడ. మీ పేపర్ సాలూరు నుంచి ఘాట్ ఎక్కి మా దగ్గరికి రావాలి కాబట్టి మామూలు రోజుల్లోనే టిఫిన్లు అయ్యాక అందుతుంది, ఇక సుంకి దగ్గర మంచు పట్టేసిందంటే భోజనాల వేళకే. అయినా చదువుతాం. పిల్లలు బడిలో ఒడియా చదువుకుంటారు గానీ మా అమ్మకి రాశిఫలాలు తెలుగులో చూస్తేనే చూసినట్టు.

పోయిన ఆదివారం మీరు చలికాలం మీద ఒక పేజీ వేశారు. పెదాలు పగలకుండా ఏం రాయాలి, స్వెట్టర్ మీదకి ఏ రంగు స్కార్ఫ్ బాగుంటుంది, వేడివేడి సూపులు మూడు రకాలు. బాగుంది, మా ఆవిడ ఒక సూపు చేసింది కూడా. కానీ పేజీ మధ్యలో పెద్ద ఫొటో ఒకటి ఉంది చూడండి, నాలుగు గోడల మధ్య కుంపటి, చుట్టూ దుప్పట్లు కప్పుకుని కూర్చున్న ముసలివాళ్లు, కింద 'వెచ్చవెచ్చగా' అని రాశారు. ఆ ఫొటో చూశాకే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఆ కుంపటి గదిలో ఉండకూడదండీ. ఈ మాట నేను పుస్తకం చదివి చెప్పడం లేదు.

పోయిన సంక్రాంతికి మా అక్క, బావ, పిల్లలిద్దరూ పార్వతీపురం నుంచి మా ఇంటికొచ్చారు. మామూలుగా మేమే కిందికి వెళ్తాం, ఆసారి అమ్మకి మోకాళ్లు బాగోలేదని వాళ్లే వచ్చారు. కింద ఊళ్ల వాళ్లకి మా చలి తెలీదు. డిసెంబర్, జనవరిల్లో తెల్లవారుజామున ఇక్కడ పదిలోపు డిగ్రీలకి పడిపోవడం మామూలే, దేవమాలి కొండ పక్కనే కదా, 1,672 మీటర్లు, ఒడిశాలో అంతకంటే ఎత్తయిన కొండ లేదు. మా బావ మొదటి రోజు రాత్రే వణికిపోయాడు. రెండో రోజు, అంటే భోగి ముందురోజు, పొద్దున్నుంచీ అదే పని మీద ఉన్నాడు. మాది పాత పెంకుటిల్లు, కిటికీ రెక్కలకి వేలు పట్టేంత సందులుంటాయి. పాత పేపర్లు చింపి, మడతలు పెట్టి, అన్నం మెతుకులు మెదిపి ఆ సందులన్నీ అంటించేశాడు. మీ పేపరే. తలుపు కింద గోనెసంచి పెట్టాడు. నేను కొట్టు నుంచి వచ్చి చూసి, "ఏటి బావా, గాలి కూడా రాకుండా మూసేశావు?" అంటే, "గాలి రాకూడదనే కదరా మూసింది" అన్నాడు. నవ్వుకున్నాం.

ఆ రాత్రి పెరట్లో అరిసెల పాకం పట్టిన పొయ్యిలో నిప్పులు మిగిలాయి. కణకణలాడుతున్నాయి, పొగ అన్నది లేదు. వాటిని కుంపట్లోకి ఎత్తి, పైన ఇంకో రెండు గుప్పిళ్లు బొగ్గులు వేసి, అమ్మ, అక్క, బావ, పిల్లలు పడుకున్న గదిలో మూలన పెట్టాను. పెట్టింది నేనే. అక్క అడిగింది కూడా, "పొగ వస్తాదేమోరా" అని. "నిప్పులక్కా, పొగెక్కడిది" అన్నాను. ఇరవై ఏళ్లుగా కరెంటు సామాన్లు రిపేరు చేస్తున్నవాణ్ణి, ఇంటింటికీ వెళ్లి ఇది ప్రమాదం అది ప్రమాదం అని చెప్పేవాణ్ణి.

రాత్రి రెండు దాటాక మేనకోడలు వాంతి చేసుకుంది. ఆ పిల్ల వాంతి చేసుకోబట్టే మేమందరం ఉన్నాం. ముందు గదిలో పడుకున్న నాకు ఆ చప్పుడుకి మెలకువ వచ్చి తలుపు తోస్తే గోనెసంచి అడ్డం పడి రాలేదు, గట్టిగా నెట్టాల్సి వచ్చింది. లైటు వేస్తే అక్క కళ్లు తెరిచే ఉంది గానీ మాట తేలడం లేదు. అమ్మ తల పట్టుకుని మూలుగుతోంది. బావ లేచి నిలబడబోయి, కాళ్లలో పస లేనట్టు అలాగే కూలబడిపోయాడు. ఆరడుగుల మనిషి. అప్పుడు కూడా నాకు కుంపటి తట్టలేదు, అరిసెలు తిన్నది పడలేదేమో అనుకున్నాను. మా ఆవిడ మాత్రం ఒక్క మాట మాట్లాడకుండా కిటికీ రెక్కలు రెండు చేతులతో లాగేసింది, పేపర్లు చిరిగిపోయాయి, ఆ తర్వాత అందరినీ ఒక్కొక్కరినే వరండాలోకి ఈడ్చుకొచ్చాం.

ఆటో మాట్లాడుకుని ఆస్పత్రికి వెళ్తే అక్కడున్న కుర్రాడు వేలికి క్లిప్పు పెట్టాడు, 98 చూపించింది. "ఆక్సిజన్ బాగుంది, గ్యాస్ట్రిక్ అయ్యుంటుంది" అన్నాడు. పెద్ద డాక్టరు వచ్చి, ఐదుగురికీ ఒకేసారి తలనొప్పి, వాంతులు అనేసరికి మొదటి ప్రశ్నే, "గదిలో బొగ్గులు పెట్టారా?" అని. అందరికీ ముక్కుకి మాస్కులు పెట్టారు. తెల్లారేదాకా ఆక్సిజన్ ఎక్కింది. వీధి చివర భోగిమంట వేశారు, పిల్లలు డప్పు కొడుతున్నారు, మా ఇంటి ముందు మాత్రం ఆ ఏడు మంట లేదు.

తర్వాత తెలుసుకున్నది చెప్తాను, ఎందుకంటే మా వీధిలో చదువుకున్నవాళ్లకి కూడా ఇది తెలీదు. బొగ్గులు కాలితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. రంగు లేదు, వాసన లేదు, కంట్లో మంట పెట్టదు. పొగ వచ్చే కట్టె నయం, దగ్గొచ్చి లేచి బయటికి పారిపోతాం. పొగ రాని నిప్పు జోకొడుతుంది. రక్తంలో ఆక్సిజన్‌ని మోసే హిమోగ్లోబిన్ ఉంటుంది కదా, అది ఆక్సిజన్ కంటే ఈ గ్యాసుని రెండొందల రెట్లకి పైగా గట్టిగా పట్టుకుంటుందట, పట్టుకుంటే వదలదు. వేలి క్లిప్పుకి ఈ రెండిటికీ తేడా తెలీదు, అందుకే 98 చూపించింది. కరోనా తర్వాత అందరి ఇళ్లలోనూ ఆ క్లిప్పు ఉంది, దాన్ని చూసి ధైర్యంగా ఉండేవాళ్లు ఈ ఒక్క విషయంలో నమ్మకండి. కుంపటి మూలన పెట్టాం, మంచానికి దూరంగా పెట్టాం అన్నదీ పనికిరాదు, ఆ గ్యాసు ఇంచుమించు గాలి అంత బరువే, గదంతా సమానంగా పరుచుకుంటుంది. ఇది ఒంటికెక్కితే ముందు వచ్చేది తలనొప్పి, మత్తు. చలికాలం రాత్రి దుప్పట్లో మత్తుగా ఉంటే ఎవడికి అనుమానం వస్తుంది చెప్పండి.

గ్యాస్ గీజర్ కూడా ఇదే బాపతు. బాత్రూములో గాలి పోయే దారి లేకుండా లోపలే బిగించమని అడుగుతారు. నేను బిగించను. బయట గోడకి పెట్టి పైపు లోపలికి ఇస్తాను అంటాను, కొందరు ఇంకొకడి దగ్గరికి వెళ్తారు, వెళ్లనివ్వండి. బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం అని చిన్న డబ్బా దొరుకుతుంది, మామూలు పొగ అలారం దీన్ని పట్టదు, ఇది వేరే. పోయిన సంక్రాంతి తర్వాత నాలుగు తెప్పించాను. ఒకటి మా గదిలో ఉంది, ఒకటి బావకి ఇచ్చాను, రెండు ఇంకా కొట్లోనే ఉన్నాయి.

సరే, కుంపటి వద్దంటే మరి వెచ్చగా ఎలా అంటారు. అందరూ కరెంటు మీద పడతారు, అక్కడ నా గోల మొదలవుతుంది. నవంబర్ నెలాఖరు నుంచి నా కొట్టు ముందు నీళ్లు కాచే రాడ్లు కట్టలు కట్టలుగా వచ్చి పడతాయి. మొన్న ఒకావిడ తెచ్చిన రాడ్డు చూడండి, సున్నం పేరుకుని కాయిలు వేలి లావు అయిపోయింది, పక్కన సన్నగా జుట్టంత పగులు. "బకెట్లో చెయ్యి పెడితే జిల్లుమంటోంది తమ్ముడూ, చలికి అనుకున్నాను" అంది. స్టీలు బకెట్టు. దేవుడి దయ. రాడ్డుని ప్లాస్టిక్ బకెట్లో వేసి, నీళ్లు గీత దాకా పోశాకే స్విచ్ వెయ్యాలి, నీళ్లు కాగాయో లేదో చూడాలంటే స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, అప్పుడు వేలు పెట్టాలి. ఈ మాట ప్రతి ఏడూ ప్రతివాళ్లకీ చెప్తాను, చెప్తుంటే నా మొహం చూడరు, రాడ్డు ఎప్పటికి ఇస్తావో చెప్పు అంటారు.

గీజర్లు, రూమ్ హీటర్లు రెండు వేల వాట్లు ఉంటాయి. 230 వోల్టుల దగ్గర లెక్కేస్తే ఎనిమిదిన్నర ఆంపియర్లు దాటి లాగుతాయి. వాటిని ఆరు ఆంపియర్ల సాకెట్లో, కన్వర్టర్ పిన్ను పెట్టి, పది రూపాయల ఎక్స్‌టెన్షన్ వైరు మీద నడిపితే ఆ వైరు ముట్టుకుంటే కాలుతుంది. కొందరు ఆ వెచ్చదనం కూడా బాగుందనేలా ఉన్నారు. పదహారు ఆంపియర్ల పెద్ద సాకెట్టు, దానికి తగ్గ లావు వైరు వేయించుకోండి, అదేం పెద్ద ఖర్చు కాదు. బోర్డులో ఆర్‌సీసీబీ అని కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్ ఉంటుంది, దాని మీద 'టి' అనే చిన్న బటన్ నొక్కితే టక్కున పడిపోవాలి. పడకపోతే అది గోడకి అలంకారం. నెలకోసారి నొక్కి చూసుకోండి, చలికాలం మొదట్లో అయితే తప్పనిసరి.

ఇంకోటి, ఇది ఎవరూ చెప్పరు. ఎర్త్ గుంట, అంటే లీకైన కరెంటు భూమిలోకి పోవడానికి తీసేది. ఇల్లు కట్టినప్పుడు ఉప్పు, బొగ్గు వేసి పూడుస్తారు, తర్వాత దాన్ని మర్చిపోతారు. అక్టోబర్‌తో వానలు ఆగుతాయి, డిసెంబర్‌కి మట్టి ఎండిపోతుంది, ఎండిన మట్టిలో ఎర్తింగ్ సరిగా పనిచెయ్యదు, సరిగ్గా అప్పుడే మనం గీజర్లు మొదలుపెడతాం. వారానికి ఒక బకెట్ నీళ్లు ఆ గుంటలో పోస్తే చాలు. మా వీధిలో తులసికోటకి నీళ్లు పోసే చేత్తోనే ఎర్త్ గుంటకి కూడా పోయించడం మొదలుపెట్టారు ఆడవాళ్లు, అది నేను సాధించిన ఒకే ఒక్క విజయం.

ఇంటి సంగతికొస్తే, చలికాలం వచ్చిందని తెలియడానికి మాకు క్యాలెండర్ చూడక్కర్లేదు. పక్కింటి ఒడియా వాళ్లు ప్రథమాష్టమి పండక్కి ఎండూరి పిఠా చేసి పంపుతారు, పసుపు ఆకులో చుట్టి ఆవిరి మీద ఉడికించి, మధ్యలో కొబ్బరి బెల్లం పెడతారు, ఆకు విప్పగానే ఇల్లంతా పసుపు వాసన. అది ఇంటికి వచ్చిందంటే ట్రంకు పెట్టెలు దించాల్సిందే. కంబళ్లు, బొంతలు రెండు మూడు రోజులు మంచి ఎండలో తిరగేసి మరగేసి ఆరబెట్టాలి, ఏడాదిగా పెట్టెలో ఉన్న ముక్కిన వాసన పోవాలి. ఇవి దులపకుండా కప్పుకుని పిల్లలు రాత్రంతా దగ్గితే చలి పట్టిందనుకుంటాం, పట్టింది దుమ్ము. అమ్మ పాత చీరలతో కుట్టిన బొంత ఒకటుంది, ఏడు పొరలు, దాని బరువుకే నిద్ర పట్టేస్తుంది, బజార్లో కొన్న రజాయి ఏదీ దాని ముందు నిలవలేదు. స్వెట్టర్లయితే టిబెట్ వాళ్ల దగ్గర కొంటాం. మన ఒడిశాలోనే గజపతి జిల్లా చంద్రగిరిలో 1960ల నుంచి వాళ్ల ఊళ్లున్నాయి, చాలామందికి తెలీదు.

మార్గశిరం వస్తే లక్ష్మివారాల నోము. మనవాళ్లూ చేస్తారు, ఒడియా వాళ్లూ మాణబసా అని చేస్తారు, గురువారం తెల్లారేసరికి రెండిళ్ల గడపలూ బియ్యప్పిండి ముగ్గులతో ఉంటాయి, మనది గీతల ముగ్గు, వాళ్లది లక్ష్మీదేవి పాదాలు. దీనికోసం ఎలాగూ ఇల్లు దులుపుతారు. ఆ దులపడంలోనే పెంకులు సర్దించుకోవడం, కిటికీ రెక్కలు బిగించుకోవడం అయిపోవాలి. సందులు పూడ్చుకోండి, వద్దనను. కానీ ఒక వెంటిలేటర్, పైన కప్పు దగ్గరిది, తెరిచే ఉంచండి. చలి కొంచెం వస్తుంది. బొంత ఇంకోటి కప్పుకోండి.

ఒంటి సంగతి పెద్దగా చెప్పను, మీ పేజీలో ఉంది. ఒక్క మాట, కొబ్బరి నూనె మా దగ్గర నవంబర్ నుంచే సీసాలో రాయి, 24 డిగ్రీలు తగ్గితే గడ్డ కడుతుంది కదా, మంచి నువ్వుల నూనె అయితే ఆ బాధ లేదు, ఒంటికి రాసుకుని సున్నిపిండితో స్నానం చేస్తే మీరు చెప్పిన మాయిశ్చరైజర్ల పని అయిపోతుంది. పొద్దున్నే చోడి (రాగి) అంబలి, ఇక్కడ మండియా పేజ్ అంటారు, రెండూ అవే చోళ్లు. ముసలివాళ్లలో బీపీ ఉన్నవాళ్లు మాత్రం జాగ్రత్త. చలికి రక్తనాళాలు బిగుసుకుని బీపీ పెరుగుతుంది. మా అమ్మ ధనుర్మాసం నెలంతా తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం చేసేది, ఎంత చెప్పినా వినలేదు, చివరికి డాక్టరు కాదు, గుళ్లో పంతులుగారు చెప్తే విన్నది. "వేడినీళ్లయినా దేవుడు కాదనడమ్మా" అన్నారాయన. అలాంటివాళ్లు ఊరికొకరు ఉండాలి.

ఇక సెలవులు. ఇదొక తలనొప్పి మాకు. ఆంధ్రలో బళ్లకి సంక్రాంతికి వారం పైనే సెలవులు ఇస్తారు, ఇక్కడ మకర సంక్రాంతికి ఒక్క రోజు. అక్కవాళ్ల పిల్లలు గాలిపటాలు ఎగరేస్తుంటే మా పిల్లలు కనుమ నాడు బడిలో ఉంటారు. ఇది మారుతుందని కాదు గానీ, మా వైపు వాళ్లు ముందే లెక్క చూసుకుని బయలుదేరాలి. రైలు టికెట్లు ఇదివరకు నాలుగు నెలల ముందు ఇచ్చేవారు, 2024 నవంబర్ నుంచి 60 రోజులే, అంటే సంక్రాంతికి వెళ్లాలంటే నవంబర్ నడిమిలోనే చూసుకోవాలి, అప్పుడు మర్చిపోయినవాళ్లకి ఇక బస్సే గతి. మాకు బస్సంటే సుంకి ఘాటే.

ఆ ఘాట్‌లో పొద్దున్నే సొంత బండి మీద దిగేవాళ్లకి ఒకటే చెప్తాను, మంచులో హై బీమ్ వెయ్యకండి. వేస్తే ఎదురుగా తెల్లగోడ, ఇంకేం కనపడదు. లైట్లు కిందికి దించి, అద్దం కొంచెం దించి, ఎదుటి లారీ చప్పుడు వింటూ వెళ్లాలి, పాట పెట్టుకుని కాదు. మలుపులో మాత్రం బండి ఆపకండి, ఎంత అందంగా ఉన్నా. సెల్ఫీలకి ఆపుతున్నారు, కార్లు రోడ్డుకి సగం అడ్డంగా, వెనక లోడు లారీ వస్తుంటే వాడేం చేస్తాడు. తొమ్మిది దాటాక బయలుదేరితే మంచు విడిపోతుంది, సాలూరులో టిఫిన్ బదులు భోజనం చేస్తారు, అంతే తేడా.

ఇల్లు తాళం వేసి వెళ్లేటప్పుడు గ్యాస్ రెగ్యులేటర్ కట్టెయ్యడం అందరూ చేస్తారు, గీజర్ స్విచ్ మర్చిపోతారు. నాలుగు రోజులు అది కాగుతూ ఆగుతూ ఉంటుంది. ఫ్రిజ్‌కి ఒక్కటి వదిలి బోర్డులో మిగతా ఎంసీబీ స్విచ్చులు దించెయ్యండి. తాళం చెవి పక్కింట్లో ఇవ్వండి. మేము వెళ్తే మా తులసమ్మకి పక్కింటావిడ నీళ్లు పోస్తుంది, వాళ్లు పుష్య పున్నానికి ఊరెళ్తే వాళ్ల ఆవుకి మేం కుడితి పెడతాం. సీసీ కెమెరాల సంగతి అడిగేవాళ్లకి నేను అమ్ముతాను, పెట్టుకోండి, కానీ కెమెరా కుడితి పెట్టదు.

సంపాదకులుగారూ, నా కోరిక పెద్దదేం కాదు. డిసెంబర్ మొదటి తారీఖు నుంచి కనుమ దాకా, వాతావరణం డబ్బా వేస్తారు కదా రోజూ, ఎక్కడ ఎన్ని డిగ్రీలని, దాని కింద రెండు లైన్లు వెయ్యండి. 'మూసిన గదిలో కుంపటి పెట్టవద్దు. తలనొప్పి, మత్తు అనిపిస్తే వెంటనే బయటికి వచ్చి ఆస్పత్రికి వెళ్లి, బొగ్గులు పెట్టిన సంగతి చెప్పండి.' ఆ చివరి ముక్క వదలకండి, మా కేసులో డాక్టరే అడిగారు కాబట్టి సరిపోయింది. లంబసింగి, అరకు నుంచి టూరిస్టుల ఫొటోలు మీరు వేసే పేజీలోనే ఆ రెండు లైన్లూ వేస్తే ఇంకా మంచిది, అక్కడ గదులు తీసుకుని బొగ్గులు అడిగేవాళ్లు కూడా కింద ఊళ్ల వాళ్లే. భోగిమంట గురించి వేరే ఏం అననక్కర్లేదు, అది ఆరుబయట, ఎంత పెద్దది వేసినా వెయ్యండి, టైర్లు మాత్రం వెయ్యకండి.

ఈసారి కూడా బావ, అక్క వస్తున్నారు. రావద్దన్నాను, బావే పట్టుబట్టాడు, పోయిన ఏడు అరిసెలు సరిగా తినలేదట. గదికి కొత్త సాకెట్టు వేశాను, వెంటిలేటర్‌కి జాలీ కొట్టాను, కుంపటి అటక మీద పెట్టేశాను. ఈ ఉత్తరం వేస్తే ఆ రోజు పేపర్ నాలుగు కాపీలు పక్కన పెట్టమని ఏజెంటుకి చెప్పాను. ఒకటి పార్వతీపురం పంపిస్తాను, కిటికీకి అంటించొద్దని పైన రాసి మరీ.

ఇట్లు,
కరెంటు సామాన్ల రిపేరు కొట్టు నడుపుకునే మీ పాఠకుడు,
సిమిలిగుడ, కోరాపుట్ జిల్లా, ఒడిశా.